ఎడమ దూలం, మూడో రివిట్టు

దయ్యాలు ఉన్నాయని నాతో వాదించి గెలిచిన లారీ డ్రైవరు ఇంతవరకు లేడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. కింద రాసింది చదివాక నన్నూ ఆ డ్రైవర్లలో కలిపేస్తారని నాకు తెలుసు.

నా పేరు సుభానీ. నరసరావుపేటలో, వినుకొండ రోడ్డు పక్కన నాకో రేకుల షెడ్డు ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా లారీల చాసీ పని చేస్తున్నాను. లారీకి ఇంజనూ, క్యాబినూ, తొట్టీ తీసేస్తే కింద మిగిలే ఇనుప చట్రమే చాసీ. పొడుగునా రెండు దూలాలు, వాటి మధ్య నాలుగైదు అడ్డ దూలాలు, అంతే. చూడ్డానికి నిచ్చెనలా ఉంటుంది. బరువంతా మోసేది అదే. కానీ ఎవరూ దాని మొహం చూడరు. బయటికి కనిపించే తొట్టికి రంగులు వేయించి, నెమళ్ళు గీయించి, చాసీని మాత్రం తుప్పుకి వదిలేస్తారు.

మా షెడ్డుకొచ్చే డ్రైవర్లలో సగంమందికి ఏదో ఒక దయ్యం తెలుసు. ఒకాయన, మాచర్ల దాటాక అడవి దారిలో తన లారీ వెనకనుంచి ఆడమనిషి ఏడుపు వినిపిస్తోందని వణికిపోతూ వచ్చాడు. అప్పటికే మెడలో మూడు తాయెత్తులు కట్టుకుని ఉన్నాడు. కిందికి దూరి చూస్తే వెనక కుదుపు ఆపే కమాను కట్టల పిన్ను గ్రీజు లేక ఎండిపోయి ఉంది. గ్రీజు కొట్టాను, ఏడుపు ఆగిపోయింది. ఆయన మాత్రం తాయెత్తులు తీయలేదు. నా వైపే అదోలా చూసి వెళ్ళాడు.

ఇనుము చప్పుడు చేసిందంటే దానికో కారణం ఉంటుందని నా నమ్మకం. అక్కడో పగులో, వదులో, తుప్పో ఉండి తీరుతుంది. అందుకే నాకు దయ్యాలతో పని పడలేదు. ఈ ఏడాది శివరాత్రికి నాలుగు రోజుల ముందు, పట్టపగలు, మా షెడ్డు ముందే జరిగిన దానికి మాత్రం ఈ లెక్క చాలడం లేదు.

ముందు ఏడుకొండలు సంగతి చెప్పాలి. నేనూ అతనూ కలిసి ముప్ఫై ఏళ్ళు పనిచేశాం. షెడ్డు నాదే అయినా పని ఇద్దరిదీ. ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్ళం. అతను పెద్దగా మాట్లాడేవాడు కాదు. నేను పది మాటలంటే అతను ఒకటి అనేవాడు, అది కూడా టీ తాగేటప్పుడే. కిందటి వానాకాలంలో కిడ్నీలు పాడై చనిపోయాడు. ఆ తరవాత నెల రోజులు నేను షెడ్డు తెరవలేదు.

రివిట్టు, అంటే రెండు ఇనుప రేకులను కలిపి బిగించే మొల, కొట్టడం ఇద్దరు మనుషుల పని. దూలం బయట ఒకడు నిలబడి సుత్తితో కొడతాడు. లోపలి వైపు ఇంకొకడు కూర్చుని, డాలీ అనే బరువైన ఇనుప దిమ్మని రివిట్టు తలకు ఆనించి పట్టుకుంటాడు. మా ఇద్దరిలో కొట్టేది నేను, పట్టేది ఏడుకొండలు. మధ్యలో ఇనుము అడ్డం. ఒకరి మొహం ఒకరికి కనపడదు, ఆ మోతలో కేకేసినా వినపడదు. అందుకని లోపల ఉన్నవాడు చిన్న సుత్తితో దూలం మీద తట్టి చెప్పాలి. ఒకసారి తడితే ఇంకా కొట్టమని. రెండుసార్లు తడితే సరిపోయింది, ముందుకు పొమ్మని. మూడుసార్లు తడితే ఇది చెడింది, తీసెయ్యమని.

ఏడుకొండలు తట్టుడు నాకు నిద్రలో వినిపించినా గుర్తుపడతాను. రెండు తట్టేటప్పుడు మొదటిది గట్టిగా తట్టి, కొంచెం ఆగి, రెండోది మెత్తగా తట్టేవాడు, సుత్తి పక్కన పెట్టేస్తున్నట్టు. మూడు తట్టాల్సి వస్తే మూడూ ఒకే జోరులో పడేవి. ముప్ఫై ఏళ్ళలో అతను నాతో ఎక్కువగా మాట్లాడింది ఆ తట్టుళ్ళతోనే.

ఇక ఆ చాసీ సంగతి. శివరాత్రికి కోటప్పకొండకు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ప్రభలు కట్టుకుని వస్తారు. మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. కర్రలతో, వెదుళ్ళతో ఎనభై తొంభై అడుగుల ఎత్తున గోపురంలా నిలబెట్టి, నిండా రంగు బల్బులు బిగించి, బండి మీద ఎక్కించి కొండ దాకా లాక్కొస్తారు. దాని పాదాల దగ్గర డప్పులవాళ్ళు, పిల్లలు, ఊరి పెద్దలు కూర్చుంటారు. దారికి రెండువైపులా ఇసుకేస్తే రాలనంత జనం ఉంటారు. కింద ఉన్న బండి ఒక పక్కకి ఒరిగిందంటే ఏమవుతుందో ఆలోచించడానికే భయం.

కొండకి తూర్పు వైపున్న ఒక ఊరివాళ్ళ ప్రభకి బండి ఒక పాత లారీ చాసీ. ఇంజనూ క్యాబినూ తీసేశారు, ముందు ట్రాక్టరు కట్టి లాగుతారు. ఇరవై రెండేళ్ళ కిందట ఆ లారీ కొని, ప్రభకి పొడుగు చాలదని మా షెడ్డుకు తెచ్చారు. వెనక చక్రాలకు ముందు రెండు దూలాలనీ కోసి, నాలుగడుగుల ముక్క అతికి, అతుకులకు లోపలా బయటా, అడుగు కూడా మూసేలా ప్లేట్లు వేసి రివిట్లు కొట్టాం. అది నేనూ ఏడుకొండలూ చేసిన పనే.

ఈ ఏడు ఆ ఊరి ప్రభ కమిటీ పెద్ద పుల్లయ్య గారు ఆ చాసీని మళ్ళీ నా దగ్గరికి తోలించారు. అరవై ఏళ్ళ రైతు, మిరప, పత్తి వేస్తారు. సర్పంచిగా కూడా చేశారు. మాట కటువుగా ఉంటుంది, మనసులో ఏమీ ఉండదు. బండిని పాకలోంచి బయటికి లాగుతుంటే అరచేతి మందాన తుప్పు పెచ్చు ఊడి కాలి మీద పడిందట. ఆయన దాన్ని కాగితంలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టి, మొత్తం గీకి శుభ్రం చేసి, మళ్ళీ ఇరవై ఏళ్ళు తుప్పు రాకుండా చెయ్యమన్నారు. శివరాత్రికి అప్పటికి పదిహేను రోజులు ఉంది.

దాన్ని నాలుగు చెక్క దిమ్మల మీద ఎక్కించి చూస్తే నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఈ ఇరవై రెండేళ్ళలో దాన్ని ఒక్కసారి కూడా గీకలేదు. పసుపూ కుంకుమా పెట్టిన ఇనుమును గీకకూడదని వాళ్ళ పట్టింపు, పెచ్చు కాలి మీద పడేదాకా. ఏటా పాత రంగు మీదే కొత్తగా పసుపు రంగు పూశారు. తుప్పు మీద రంగు, ఆ రంగు మీద తుప్పు. పైగా ఏటా ప్రభ కదిలే ముందు చాసీ మీదే కొబ్బరికాయలు కొడతారు. ఆ నీళ్ళు దూలం లోపలికి కారి నిలిచిపోతాయి, మిగతా పదకొండు నెలలూ బండి పాకలో కదలకుండా ఉంటుంది. కొబ్బరినీళ్ళు ఇనుమును తినే తీరు ఉప్పునీళ్ళకేమీ తీసిపోదు. దేవుడికి పెట్టిందంతా చాసీ తాగింది.

తొమ్మిది రోజులు పట్టింది. ఉలితో పెచ్చులు లేపి, గ్రైండరుకి వైరు బ్రష్షు బిగించి, తెల్లటి ఇనుము బయటపడేదాకా గీకాను. మూలల్లో చేత్తో ఎమరీ కాగితం రుద్దాను. తుప్పు మందు పూసి, కడిగి, ఎండబెట్టాను. తరవాత పగుళ్ళు చూశాను. మా పద్ధతి ఏమిటంటే, ఇనుము మీద డీజిల్ పూసి తుడిచేసి, పైన సుద్దపొడి చల్లుతాం. ఎక్కడైనా వెంట్రుకంత పగులున్నా లోపల దాగిన డీజిల్ పైకి ఊరి సుద్ద మీద నల్లగీత పడుతుంది. ఈ చివరనుంచి ఆ చివరకు చూశాను. ఒక్క గీత పడలేదు. తుప్పు పట్టనివ్వని రెడాక్సైడ్ రంగు రెండు పూతలు వేసి, దూలాల లోపలికి గ్రీజూ కాలిన ఆయిలూ కలిపి కాచి పోశాను. పుల్లయ్య గారికి ఫోన్ చేసి, చాసీ భేషుగ్గా ఉంది, రేపు ట్రాక్టరు పంపమన్నాను.

ఇలా చెప్పింది గురువారం. ఆ మరునాడు, శుక్రవారం, నేను మసీదునుంచి తిరిగొచ్చేసరికి ఒంటిగంటన్నర దాటింది. లైన్ల మరమ్మతని పొద్దుటినుంచి కరెంటు లేదు. పక్కనున్న లేతు షాపు, టైర్ల షాపు మూసి ఉన్నాయి. రోడ్డు మీద బస్సులు పోతే పోయినట్టు, లేకపోతే నిశ్శబ్దం. షెడ్డులో నేనొక్కడినే. చాసీ బయట వేపచెట్టు నీడలో దిమ్మల మీద ఉంది. దానికి ఇంజను లేదు, బ్యాటరీ లేదు, ఒక్క తీగ ముక్క కూడా లేదు.

బండి పంపించే ముందు చిన్న సుత్తితో ప్రతి రివిట్టునీ ఒకసారి తట్టి చూడటం నాకు అలవాటు. బాగున్నది గంటలా మోగుతుంది, వదులైంది మొద్దుగా పలుకుతుంది. ఎడమ దూలం ముందు చివర మొదలుపెట్టాను. మొదటి రివిట్టు ఖంగుమంది. రెండోదీ మోగింది. మూడో నాలుగో రివిట్టు దగ్గర నేను కొట్టిన తరవాత ఇంకేదో చప్పుడు అవుతోందని గమనించాను.

షెడ్డు గోడ తగిలి వస్తున్న ప్రతిధ్వని అనుకున్నాను. పక్కన వేలాడుతున్న టార్పాలిను తీసేసి మళ్ళీ కొట్టాను. దూలం లోపలి వైపునుంచి రెండు తట్టుళ్ళు వచ్చాయి. మొదటిది గట్టిగా, కాస్త ఆగి, రెండోది మెత్తగా.

నేను కిందికి వంగి చూశాను. దిమ్మలు, నేల, అవతల రోడ్డు కనిపించాయి. పిల్లి కూడా లేదు. చెయ్యి దూలం మీద ఆనించి ఇంకో రివిట్టు కొట్టాను. రెండు. ఇంకోటి కొట్టాను. రెండు. అప్పుడు నాకు భయం వేయలేదు. ఇది చదివేవాళ్ళు నమ్మరేమో గానీ, గుండె నిండిపోయింది. ఏడు నెలలుగా ఎవరూ పలకని భాష అది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే ఆపకుండా కొట్టుకుంటూ పోయాను. నేను కొట్టిన ప్రతిదానికీ అవతలనుంచి, సరిపోయింది బావా, ముందుకు పో, అని జవాబు వస్తోంది. మంచి పని చేశానని అతను చూసి చెబుతున్నట్టే ఉంది.

వెనక చక్రాలకు ముందు, అతుకు ప్లేటు దగ్గరికి వచ్చాను. మొదటి రివిట్టుకు రెండు, రెండోదానికి రెండు వచ్చాయి. మూడోది కొట్టాను.

మూడు తట్టుళ్ళు. ఒకే జోరులో.

సుత్తి చేతిలోనే ఉండిపోయింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ మూడు. ఆ రివిట్టు దగ్గర అతను మూడు తట్టడం నేను వినడం అది మొదటిసారి కాదు.

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇరవై రెండేళ్ళ కిందట ఆ అతుకు వేసేటప్పుడు తెల్లారితే బండి పంపించాలి. దూలాన్ని కోసేటప్పుడు ఏటవాలుగా కోయాలి. అప్పుడు బరువు అతుకు పొడుగునా పరుచుకుంటుంది. నిలువుగా కోస్తే బరువంతా ఒక్క గీత మీద పడి, ఎప్పుడో ఒకప్పుడు అక్కడే విరుగుతుంది. చాసీ పనిలో మొదటి రోజు నేర్పే పాఠం ఇది. కుడి దూలం ఏటవాలుగానే కోశాను. ఎడమ దూలానికి వచ్చేసరికి టైము లేదని నిలువుగా కోసేశాను. పైన ప్లేటు పడుతుందిగా, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. రివిట్లు కొడుతుంటే మూడోదాని దగ్గర ఏడుకొండలు లోపలినుంచి మూడు తట్టాడు. అతుకు దగ్గర నెర్రె పడిందని డాలీ పట్టిన అతని చేతికే తెలిసిపోయింది. నేను విన్నాను. విననట్టు దాన్ని ఇంకో నాలుగు దెబ్బలు వేసి, నాలుగో రివిట్టుకు పోయాను. అతను కాసేపు ఏమీ తట్టలేదు. తరవాత నాలుగోదానికి రెండు తట్టాడు.

మొదటి రెండేళ్ళు, బావా ఆ ప్లేటు ఒకసారి ఇప్పి చూద్దాం, అన్నాడు. నేను మాట దాటేశాను. ఆ తరవాత అతను అడగలేదు. మంచి మేస్త్రీనన్న పేరు నాకు అప్పటికే వచ్చేసింది.

నేనలా నిలబడి ఉండగానే పుల్లయ్య గారు మోటారు సైకిలు మీద వచ్చారు. బండి ఎలా తయారైందో చూసుకుందామని వచ్చినట్టున్నారు.

"ఏంది భాయ్, అట్టా కొయ్యబారిపోయావు?" అన్నారు.

దూలం లోపలి వైపు చెయ్యి ఆనించి పట్టుకోమని అడిగాను. నవ్వుతూ పట్టుకున్నారు. నేను ప్లేటు మొదటి రివిట్టు కొట్టాను. ఆయన మొహంలో నవ్వు ఆగింది. మూడోది కొట్టాను. ఆయన చెయ్యి లాక్కుని, అరచేయి చూసుకున్నారు.

"లోపలెవురున్నారు?"

ఎవరూ లేరు, చూసుకోండి అన్నాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఈ చివరనుంచి ఆ చివరకు చూశారు. లేచి నిలబడ్డారు. తరవాత చెప్పులు విప్పి పక్కన పెట్టారు.

నేను చెప్పేశాను. నిలువుగా కోసిన సంగతి, ఏడుకొండలు మూడు తట్టిన సంగతి, నేను రంగు పూసి పంపించిన సంగతి. సుద్ద పరీక్షలో ఎందుకు బయటపడలేదో కూడా చెప్పాను. పగులుంటే ప్లేటు వెనక ఉంటుంది, పైన పూసిన డీజిల్ దాని దాకా పోదు. ఇప్పుడు విప్పితే శివరాత్రికి బండి అందుతుందో లేదో చెప్పలేనని కూడా అన్నాను. ఆ ఊరి ప్రభ ఒక్క ఏడు కూడా ఆగలేదు. ఆగితే ఆ ఊరు నన్ను ఏమంటుందో నాకు తెలుసు. నా షెడ్డుకు ఇక బండి రాదనీ తెలుసు.

ఆయన తిడతారనుకున్నాను. తిట్టలేదు. చాసీ వైపే చూస్తూ నెమ్మదిగా అన్నారు.

"దీని మీద మా మనవళ్ళని కూకోబెట్టి పంపించాం సుభానీ. ఏడాది నిండని బిడ్డల్ని కూడా తల్లులు ఎత్తుకోని ఎక్కారు."

ఎప్పుడూ భాయ్ అని పిలిచే మనిషి ఆ మాట తీసేశారు. నేను తల వంచుకున్నాను.

"ఇప్పెయ్," అన్నారు. "ఈ ఏడు ప్రభ కదలకపోతే నేను చెప్పుకుంటా ఊరికి. ముందు ఇప్పు."

గ్యాసు కట్టరుతో రివిట్ల తలలు తెంపాను. ఆయన ఎండలో పక్కనే నిలబడ్డారు. లోపలి ప్లేటూ బయటి ప్లేటూ ఊడి కింద పడ్డాయి. వాటి వెనక తుప్పు పొరలు పొరలుగా రాలింది. సుద్ద చల్లే పని లేకపోయింది, పగులు కంటికే కనిపించింది. మూడో రివిట్టు బెజ్జంనుంచి మొదలై కిందికి పాకి, దూలం అడుగు మొత్తం తెగిపోయింది. పైకి కూడా పాకింది. ఇనుము కోసే హాక్సా బ్లేడు పెడితే ఇటునుంచి అటు వెళ్ళిపోయింది. దూలంలో ఇంకా తెగకుండా మిగిలింది పైన రెండు వేళ్ళ వెడల్పు ఇనుము.

పుల్లయ్య గారు దాన్ని వంగి చూశారు. వెళ్ళి వేపచెట్టు మొదట్లో కూర్చున్నారు. నేనూ నేల మీదే కూలబడ్డాను. ఆ రెండు వేళ్ళ ఇనుము అంత ఎత్తు ప్రభని, దాని మీద కూర్చున్న జనాన్ని, గుంటలు పడ్డ దారి మీద ఇన్నేళ్ళు మోసింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ పని అనుభవంతో చెబుతున్నాను, అది మోయడానికి వీల్లేదు. నా కళ్ళతో చూశాను కాబట్టి ఒప్పుకుంటున్నాను గానీ, ఇంకొకడు చెప్పి ఉంటే నవ్వేవాణ్ణి.

రెండు రోజుల్లో పని పూర్తిచేశాను. చెడిన భాగం కోసేసి, ఏటవాలుగా కొత్త ముక్క అతికి, మందం ప్లేటు వేసి, ఈసారి రివిట్లు కాకుండా గట్టి ఉక్కు హైటెన్సిల్ బోల్టులు బిగించాను. రివిట్టు కొడితే పట్టుకునే మనిషి నాకు లేడు. కుడి దూలం ప్లేటు కూడా విప్పి చూశాను, అది బాగుంది. మళ్ళీ రెడాక్సైడ్ పూసి, పైన వాళ్ళ పసుపు రంగు వేసి పంపించాను. ఇక మీదట కొబ్బరికాయ చాసీ మీద కాకుండా దాని ముందు రాయి మీద కొట్టమని పుల్లయ్య గారికి చెప్పాను. సరేనన్నారు. ఆయన ఆ మధ్యాహ్నం సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదని తరవాత తెలిసింది.

పని అయ్యాక ప్రతి రివిట్టునీ, ప్రతి బోల్టునీ మళ్ళీ తట్టి చూశాను. నా దెబ్బ మోగి ఆగిపోయింది. అవతలనుంచి ఏ చప్పుడూ లేదు. ఎంతసేపు చెవి ఆనించి విన్నానో నాకే తెలియదు.

కారణాలు వెతక్కుండా ఉండే మనిషిని కాను. వదులైన ప్లేటు దెబ్బకి అదిరి టకటక కొట్టుకోవచ్చు. కాబట్టి మూడో రివిట్టు దగ్గర చప్పుడుకి నేనే ఒక కారణం చెప్పగలను. కానీ ముందు చివర, ప్లేటుకి పన్నెండడుగుల దూరాన, గట్టిగా ఉన్న రివిట్ల దగ్గర రెండేసి ఎందుకు వచ్చాయి? తెలిసిన ఒక ఇంజనీరింగు కాలేజీ లెక్చరర్ని అడిగాను. ఇనుములో చప్పుడు ప్రయాణించే తీరు గురించి చానాసేపు చెప్పాడు. బాగానే చెప్పాడు. మొదటిది గట్టిగా, రెండోది మెత్తగా ఎందుకుందని అడిగితే, అది నేను వినలేదు కదండీ అన్నాడు. నిజమే.

శివరాత్రి ముందురోజు ఏడుకొండలు ఇంటికి వెళ్ళాను. అతని భార్య నాగేంద్రం వాకిట్లో మిరపకాయల తొడాలు తీస్తోంది. నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది. నీ మొగుడు చెప్పిన మాట నేను వినలేదమ్మా, అందుకని ఊరంతా చావాల్సింది, అని అంతా చెప్పాను. చాసీ తట్టిన సంగతి కూడా దాచలేదు. ఆమె తొడాలు తీస్తూనే వింది. ఆశ్చర్యపోలేదు. చివరికి ఆ బండి ఏ ఊరిదని అడిగింది. చెప్పాను. అప్పుడు ఆమె చేతులు ఆగాయి.

"ఏటా శివరాత్రికి ఆయన ఆ ఊరికి పొయ్యేవాడు అన్నయ్యా. ప్రభ కదిలిన కాణ్ణించి కొండ దాకా దాని పక్కనే నడిచేవాడు, చాసీ మీద చెయ్యేసి. తిండి లేదు, నీళ్ళు లేవు. ఒళ్ళు బాగలేకపోయినా కిందటేడు కూడా పొయ్యాడు. నేను భక్తి అనుకున్నా."

ఏ పక్కన నడిచేవాడో తెలుసా అని అడిగాను.

"ఒకేడు నేనూ పొయ్యా కదా. ఎడం పక్క. ఎనక చక్రానికి ముందు."

ఆమె లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగి వచ్చేశాను.

ఇరవై రెండేళ్ళు అతను నాతో అదే షెడ్డులో, అదే బెంచీ మీద కూర్చుని టీ తాగాడు. నేను దాచిన తప్పు పక్కన ప్రతి ఏడూ అంత దూరం నడిచాడు. నా పేరు పోతుందని ఊరికి చెప్పలేదు, నేను వినను కాబట్టి నాకూ చెప్పలేదు. నడిచే మనిషి లేకుండా ఆ ప్రభ కదలాల్సిన మొదటి ఏడు ఇదే. ఆ చప్పుడు వచ్చిందీ ఈ ఏడే. వీటిని కలిపి ఏమనాలో నాకు తెలియదు. రెండు వేళ్ళ ఇనుము అన్నేళ్ళు ఎలా ఆగిందో అంతకన్నా తెలియదు. నేను ఇప్పటికీ దయ్యమని అనను. అలా అనడానికి నోరు రాదు, ఆ మనిషికి ఆ మాట సరిపోదు.

ఈ శివరాత్రికి నేను వెళ్ళాను. ప్రభ కదిలేటప్పుడు ఎడమ పక్క, వెనక చక్రానికి ముందు చోటు చూసుకుని చాసీ మీద చెయ్యి వేశాను. అతుకు నేను చేసిందే, ఈసారి సరిగ్గా చేశాను, దాని గురించి నాకు ఏ అనుమానమూ లేదు. దారి పొడుగునా ఇనుము నా చేతి కింద మామూలుగా అదిరింది, అంతకు మించి ఏమీ కాలేదు. అయినా కొండ చేరేదాకా నేను ఆ చెయ్యి తీయలేకపోయాను.